అన్నదమ్ముల తగవులు, ఇంగ్లండ్ రాజు తీర్పులు: వేల్స్ స్వతంత్రం ఎలా పోయింది

1277లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఉత్తర వేల్స్ మీదికి దండెత్తాడు. సేన పూర్తిగా కూడేసరికి ఆయన వెంట సుమారు 15,000 మంది కాలిబంట్లు ఉన్నారు. వాళ్ళలో 9,000 మంది దాకా వెల్ష్ వాళ్ళే. ఎదురుగా ఉన్న పాలకుడు లెవెలిన్ అప్ గ్రిఫిద్, అంటే గ్రిఫిద్ కొడుకు లెవెలిన్. ఎడ్వర్డ్ పక్షాన చేరిన పెద్దల్లో ఆ లెవెలిన్ సొంత తమ్ముడు డావిద్ ఉన్నాడు. పక్కనే ఉన్న పొవిస్ ప్రాంతపు వెల్ష్ ప్రభువు గ్రిఫిద్ అప్ గ్వెన్‌విన్‌విన్ కూడా ఉన్నాడు.

ఈ సంగతి తెలిశాక, "ఇంగ్లండ్ వేల్స్‌ని ఆక్రమించింది" అన్న మాట అబద్ధమని కాదు గానీ, దాంతో ఏమీ తేలదనిపిస్తుంది. ఆ 9,000 మందినీ ద్రోహులు అనేస్తే కథ సులువవుతుంది, విషయం మాత్రం అర్థం కాదు. నేను చదివి తెలుసుకున్నంతలో అసలు చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, పాలకుల ఇళ్ళలో అన్నదమ్ముల పంపకం. రెండోది, ఇంగ్లండ్ రాజు ముందు చేసే విధేయతా ప్రమాణానికి ఇరుపక్షాలూ చెరో అర్థం చెప్పుకోవడం. ఈ రెండూ కలిసి ఇంగ్లండ్ రాజును వెల్ష్ ఇళ్ళ గొడవల్లో తీర్పరిగా కూర్చోబెట్టాయి. కత్తి పని ఆ తర్వాతే.

ముందు దేశం సంగతి. మధ్యయుగాల్లో వేల్స్ ఒక్క రాజ్యం కాదు. వాయవ్యాన కొండలూ, ఆంగిల్సీ ద్వీపపు ధాన్యం పొలాలూ ఉన్న గ్వినెద్, తూర్పున ఇంగ్లండ్‌ని ఆనుకుని పొవిస్, నైరుతిలో దెహైబార్త్ ముఖ్యమైనవి. ఆగ్నేయంలో ఇంకొన్ని చిన్న రాజ్యాలు ఉండేవి. భాష ఒకటే, ధర్మశాస్త్రం ఒకటే, పదో శతాబ్దపు రాజు హౌవెల్ పేరు మీద అందరూ గౌరవించే చట్టం ఒకటే. రాజు మాత్రం ఒక్కడు కాడు. వేల్స్ మొత్తాన్ని ఏలిన రాజు చరిత్రలో ఒక్కడే కనిపిస్తాడు. పదకొండో శతాబ్దంలో గ్రిఫిద్ అప్ లెవెలిన్ 1055 నుంచి ఓ ఎనిమిదేళ్ళు అలా ఏలాడు. హెరాల్డ్ గాడ్విన్సన్ దాడి చేసి ఆయన్ని తరిమాడు, చంపింది మాత్రం ఆయన సొంత మనుషులు. తల హెరాల్డ్ దగ్గరికి చేరింది. ఆ తర్వాత హెరాల్డ్ ఆయన భార్యనే పెళ్ళాడాడు. 1066లో హేస్టింగ్స్‌లో చనిపోయిన ఇంగ్లండ్ రాజు ఈ హెరాల్డే.

పంపకం సంగతికొస్తే, వెల్ష్ చట్టం ప్రకారం తండ్రి భూమి కొడుకులందరికీ పంచాలి. పెళ్ళి బయట పుట్టిన కొడుకైనా తండ్రి ఒప్పుకుంటే వాటా ఉంటుంది. రైతు కుటుంబానికి ఇది న్యాయమైన పద్ధతి. కానీ రాజ్యాన్ని కూడా ఇలాగే పంచాలా, లేక ఒక్కరికే ఇవ్వాలా? వారసుణ్ణి ఎంచుకునే ఆచారం ఉన్నా, మిగతా కొడుకులు దాన్ని ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. 1170లో గ్వినెద్‌ని ఏలిన ఒవైన్ చనిపోగానే, ఆ ఏడాదే ఆయన కొడుకు, మంచి కవి అయిన హౌవెల్‌ని సవతి తమ్ముళ్ళు ఆంగిల్సీలో యుద్ధం చేసి చంపారు. ఆ తమ్ముళ్ళలో ఒకడు నాలుగేళ్ళు తిరక్కుండా ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ సవతి చెల్లెలు ఎమ్మాని పెళ్ళాడాడు. ఇంట్లో బలం చాలనివాడు బయట బలం వెతుక్కుంటాడు. బయట ఉన్న పెద్ద బలం ఇంగ్లండ్ రాజే.

సరిహద్దు ప్రభువులు

ఈ కథలో ఇద్దరు కాదు, ముగ్గురు ఉన్నారు. 1066లో హేస్టింగ్స్‌లో గెలిచి ఇంగ్లండ్ రాజైన నార్మన్ విలియం సరిహద్దులోని చెస్టర్, ష్రూస్‌బరీ, హెరెఫర్డ్‌లలో తన నమ్మకస్తులను నిలిపాడు. వాళ్ళూ, వాళ్ళ వెనక వచ్చినవాళ్ళూ వేల్స్‌లోకి చొచ్చుకెళ్ళి కోటలు కట్టుకున్నారు. వీళ్ళనే మార్చర్ ప్రభువులు అంటారు. దక్షిణ వేల్స్‌లో చాలా భాగం వీళ్ళ చేతిలోకి వెళ్ళింది. వీళ్ళ జాగీర్లలో వీళ్ళవే కోర్టులు. ఇంగ్లండ్ రాజు ఆజ్ఞాపత్రాలు అక్కడ చెల్లవు. పొరుగువాడి మీద సొంతంగా యుద్ధం చేసే హక్కు కూడా తమకుందని వాదించేవాళ్ళు.

కాబట్టి వెల్ష్ పాలకులకు రోజువారీ శత్రువు ఇంగ్లండ్ రాజు కాదు, పక్క కొండ మీద కోట కట్టుకున్న ఈ ప్రభువు. రాజుకి కూడా వీళ్ళంటే ఒక కంట అనుమానమే. అలాంటప్పుడు వెల్ష్ పాలకుడూ, ఇంగ్లండ్ రాజూ చేతులు కలిపిన రోజులు కూడా వచ్చాయి. 1165లో రెండో హెన్రీ పెద్ద సైన్యంతో బెర్విన్ కొండల్లోకి వచ్చి, వానలకీ ఆకలికీ తట్టుకోలేక వెనక్కి మళ్ళి, ఆ కోపంలో తన దగ్గరున్న వెల్ష్ బందీల కళ్ళు పీకించాడు. ఆ బందీల్లో దెహైబార్త్ పాలకుడు రీస్ కొడుకు కూడా ఉన్నాడు. అదే హెన్రీ 1171లో అదే రీస్‌తో రాజీకి వచ్చాడు. కారణం, పెంబ్రోక్ వైపు మార్చర్ ప్రభువులు ఐర్లండ్‌లోకి దూకి అక్కడ సొంత రాజ్యాలు కట్టుకునేలా ఉన్నారు. వాళ్ళకి ఎదురుబరువుగా రీస్ కావాల్సివచ్చింది. మరుసటి ఏడు దక్షిణ వేల్స్‌లో తన తరఫు న్యాయాధికారిగా రీస్‌ని నియమించాడు. 1176లో కార్డిగన్ కోటలో రీస్ జరిపిన కవుల, సంగీతకారుల పోటీ ఈ శాంతి రోజుల్లోదే. నేటికీ వేల్స్ జరుపుకునే ఐస్టెడ్‌వడ్ ఉత్సవాలు తమ మూలాన్ని అక్కడే చూపిస్తాయి.

ఈ శాంతి కాగితం మీద కన్నా ఇద్దరు మనుషుల మధ్య ఎక్కువ ఉంది. 1189లో హెన్రీ పోగానే కొత్త రాజు రిచర్డ్ ఆక్స్‌ఫర్డ్ దాకా వచ్చిన రీస్‌ని కలవడానికి రాలేదు. రీస్ అవమానపడి వెనక్కి వెళ్ళి మళ్ళీ కత్తి పట్టాడు. చివరి రోజుల్లో ఆయన్ని సొంత కొడుకులే కొన్నాళ్ళు బంధించారు. ఆయన పోయాక దెహైబార్త్ ముక్కలై మళ్ళీ లేవలేదు.

మోకాళ్ళ మీద చేసిన మాట

విధేయతా ప్రమాణం చేసేవాడు మోకాళ్ళ మీద కూర్చుని, తన రెండు చేతులూ కలిపి ప్రభువు చేతుల మధ్య పెట్టి, ఇక నేను మీ మనిషిని అంటాడు. వెల్ష్ పాలకులు ఇంగ్లండ్ రాజు ముందు ఈ తంతు జరపడానికి సాధారణంగా వెనకాడలేదు. పెద్ద రాజుని పెద్దగా ఒప్పుకోవడం వాళ్ళకి తప్పు కాదు. వాళ్ళ లెక్కలో దాని అర్థం ఇంతే: మీరు పెద్ద, నేను చిన్న, నా దేశంలో చట్టం మాత్రం నాది.

ఇంగ్లండ్ రాజు దగ్గరున్న న్యాయవేత్తల లెక్క వేరు. ప్రమాణం చేశాడంటే ఆ భూమిని రాజు నుంచి పొందినట్టు. మాట తప్పితే రాజు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. భూమి తగవు వస్తే కింది వాళ్ళు పైన రాజు కోర్టుకి వెళ్ళవచ్చు. పదమూడో శతాబ్దం గడిచే కొద్దీ ఈ రెండో అర్థమే రాతపూర్వక ఒప్పందాల్లో గట్టిపడుతూ వచ్చింది.

దీనికి పెద్ద ఉదాహరణ లెవెలిన్ అప్ గ్రిఫిద్ తాత. ఆయన పేరూ లెవెలినే, చరిత్రలో మహా లెవెలిన్ అంటారు. 1201లో ఇంగ్లండ్ రాజు జాన్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాడు. 1205లో జాన్ కూతురు జోన్‌ని పెళ్ళాడాడు. ఆమె జాన్‌కి పెళ్ళి బయట పుట్టిన బిడ్డ. 1211లో అదే మామ అల్లుడి మీద దండెత్తాడు. జోన్ తండ్రి దగ్గరికి వెళ్ళి బతిమాలితే గానీ సంధి కుదరలేదు. ఆ సంధి షరతుల్లో ఒకటి చూడండి: జోన్‌కి వారసుడు పుట్టకపోతే గ్వినెద్ మొత్తం ఇంగ్లండ్ రాజుకి చెందుతుంది. లెవెలిన్‌కి అప్పటికే మరో స్త్రీ వల్ల పుట్టిన గ్రిఫిద్ అనే కొడుకు ఉన్నాడు. వెల్ష్ చట్టం ప్రకారం అతనికి వాటా ఉంది. ఈ సంధిలో అతను వారసుడు కాడు, కేవలం బందీ.

మరుసటి ఏడాది వెల్ష్ వాళ్ళు తిరగబడితే జాన్ నాటింగమ్‌లో 28 మంది వెల్ష్ బందీలను ఉరి తీయించాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ ప్రభువులే జాన్ మీద తిరగబడ్డారు, లెవెలిన్ వాళ్ళతో కలిశాడు. 1215 నాటి మాగ్నా కార్టాని మనం ఇంగ్లీషువాళ్ళ హక్కుల పత్రంగానే చదువుతాం. అందులో లెవెలిన్ కొడుకుని విడిచిపెట్టాలని రాసి ఉంది. వేల్స్ భూములకి వెల్ష్ చట్టం, ఇంగ్లండ్ భూములకి ఇంగ్లీషు చట్టం, మార్చ్ (అంటే సరిహద్దు ప్రభువుల) భూములకి మార్చ్ చట్టం అని కూడా రాసి ఉంది. ఈ ఒక్క వాక్యం మీద అరవై ఏళ్ళ తర్వాత ఎంత గొడవ జరిగిందో కాసేపట్లో చూద్దాం.

మహా లెవెలిన్ ఇంటి సమస్యని తనదైన పద్ధతిలో పరిష్కరించాలనుకున్నాడు. జోన్‌కి పుట్టిన డావిద్ ఒక్కడే వారసుడని ప్రకటించి, 1222లో పోప్ ఆమోదం కూడా సంపాదించాడు. పెద్ద కొడుకు గ్రిఫిద్‌ని పక్కన పెట్టాడు. రాజ్యం ముక్కలు కాకుండా ఉండాలంటే ఇది దూరదృష్టి ఉన్న పనే. కానీ చాలామంది వెల్ష్ పెద్దలకి ఇది తమ చట్టాన్ని తుంగలో తొక్కడంగా కనిపించింది. వాళ్ళ బాధ కూడా నాకు న్యాయంగానే తోస్తుంది.

1240లో మహా లెవెలిన్ పోయాడు. డావిద్ గ్లోస్టర్‌కి వెళ్ళి మేనమామ మూడో హెన్రీకి ప్రమాణం చేసి, అన్న గ్రిఫిద్‌ని బంధించాడు. అప్పుడు గ్రిఫిద్ భార్య సెనానా 1241లో హెన్రీ దగ్గరికి వెళ్ళింది. భర్తని విడిపించి, ఆయన వాటాని రాజు కోర్టులో తేల్చితే 600 మార్కులు ఇస్తానని ఒప్పందం రాసుకుంది. ఒక మార్కు పౌండులో మూడింట రెండు వంతులు. భర్త కోసం ఆమె చేసిన పనిని తప్పుపట్టడం ఎవరి తరం? కానీ ఆ కాగితంతో గ్వినెద్ వారసుడెవరో తేల్చే అధికారం ఇంగ్లండ్ రాజు కోర్టుకి ఉందని గ్వినెద్ ఇంటి మనిషే ఒప్పుకున్నట్టయింది. హెన్రీ దండెత్తాడు, డావిద్ లొంగాడు, గ్రిఫిద్‌ని అప్పగించాడు. హెన్రీ ఆయన్ని విడిపించలేదు, లండన్ టవర్‌లో పెట్టాడు. డావిద్ ఎదురు తిరిగితే అతని మీదికి వదలడానికి అన్న చేతిలో ఉండాలి కదా. 1244 మార్చి 1న గ్రిఫిద్ దుప్పట్లు ముడివేసి టవర్ కిటికీ నుంచి దిగబోతే తాడు తెగి కిందపడి చనిపోయాడు. రెండేళ్ళకి డావిద్ కూడా బిడ్డలు లేకుండానే పోయాడు.

మనవడి కాలం

మిగిలింది గ్రిఫిద్ కొడుకులు. 1247లో హెన్రీ గ్వినెద్‌లో తూర్పున ఉన్న నాలుగు పరగణాలను తన దగ్గరే ఉంచుకుని, పడమటి భాగాన్ని ఒవైన్, లెవెలిన్‌లకి చెరి సగం పంచాడు. వెల్ష్ పంపకం ఆచారాన్ని ఈసారి పట్టుబట్టి అమలు చేసింది ఇంగ్లండ్ రాజు. పొరుగు రాజ్యం ముక్కలుగా ఉండటమే ఆయనకి కావాలి. 1255లో బ్రిన్ డెర్విన్ దగ్గర లెవెలిన్ ఇద్దరు అన్నదమ్ములనీ ఓడించాడు. ఒవైన్‌ని ఇరవై ఏళ్ళకి పైగా చెరలో ఉంచాడు. చిన్నవాడు డావిద్‌ని (చిన్నాన్న పేరే ఇతనిదీ, 1277లో ఎడ్వర్డ్ పక్షాన ఉన్నది ఇతనే) కొన్నాళ్ళకి వదిలేశాడు.

తర్వాతి పన్నెండేళ్ళు లెవెలిన్‌వి. పోయిన పరగణాలు తిరిగి వచ్చాయి, ఇతర వెల్ష్ ప్రభువులు ఆయన కిందికి వచ్చారు. 1258 నుంచి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే బిరుదు వాడటం మొదలుపెట్టాడు. ఇక్కడ ప్రిన్స్ అంటే యువరాజు కాదు, పాలకుడు. ఇంగ్లండ్‌లో అప్పుడు రాజుకీ సైమన్ డి మాంట్‌ఫర్ట్ నాయకత్వంలోని ప్రభువులకీ అంతర్యుద్ధం. దాని చివర అలసిపోయిన హెన్రీ 1267లో మాంట్‌గమరీ సంధి మీద ముద్ర వేశాడు. వేల్స్ ప్రభువుల ప్రమాణాలు ఇక లెవెలిన్‌కి చెందుతాయి, ఆయన ఒక్కడే రాజుకి ప్రమాణం చేస్తాడు. దీనికి వెల 25,000 మార్కులు, ఏటా 3,000 చొప్పున కట్టాలి.

ఇది వేల్స్‌కి దక్కిన అతి పెద్ద గెలుపు. ఓటమి కూడా ఇందులోనే ఉంది. కొండల దేశానికి ఏటా 3,000 మార్కులు పెద్ద బరువు. లెవెలిన్ తన ప్రజల దగ్గర గట్టిగా వసూలు చేశాడు. ఆయన పోయాక గ్వినెద్ జనం ఆ వసూళ్ళ మీద ఫిర్యాదులు రాయించారంటే అది ఎంత నొప్పించిందో ఊహించవచ్చు. పైగా దక్షిణాన మార్చర్ ప్రభువు గిల్బర్ట్ డి క్లేర్ కెర్ఫిల్లీలో పెద్ద కోట మొదలుపెడితే రాజు ఆపలేదు. సంధిని మీరు నిలబెట్టకపోతే నేనెందుకు కట్టాలని లెవెలిన్ చెల్లింపులు ఆపాడు.

1273లో ఆయన డోల్‌వోర్విన్‌లో కోట కడుతుంటే ఇంగ్లండ్ నుంచి ఆపమని ఉత్తరం వచ్చింది. లెవెలిన్ జవాబు ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువసార్లు చదివిన పత్రం. ఈ ఉత్తరం రాజుకి తెలియకుండా వచ్చి ఉంటుందని మర్యాదగా మొదలుపెడతాడు. తన దేశాన్ని రాజు అధికారం కిందే ఏలుతున్నా, దాని హక్కులు ఇంగ్లండ్ రాజ్య హక్కుల నుంచి పూర్తిగా వేరని, సొంత నేల మీద కోట కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అంటాడు. ఆ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చని ఆయన నిజంగానే నమ్మాడు. హెన్రీ తర్వాత రాజైన ఆయన కొడుకు ఎడ్వర్డ్ నమ్మలేదు.

1274లో తమ్ముడు డావిద్, మొదట్లో చెప్పుకున్న పొవిస్ ప్రభువు గ్రిఫిద్ కలిసి లెవెలిన్‌ని చంపడానికి పన్నిన కుట్ర బయటపడింది. ఇద్దరూ ఇంగ్లండ్‌కి పారిపోయారు, ఎడ్వర్డ్ ఆశ్రయం ఇచ్చాడు. నన్ను చంపబోయినవాళ్ళకి నీడనిచ్చిన రాజు దగ్గరికి ప్రమాణానికి ఎలా రాను అన్నది లెవెలిన్ మాట. ముందు ప్రమాణం, తర్వాత ఫిర్యాదు అన్నది ఎడ్వర్డ్ మాట. ఎన్నిసార్లు పిలిచినా లెవెలిన్ వెళ్ళలేదు. ఈలోగా డి మాంట్‌ఫర్ట్ కూతురు ఎలెనార్‌తో ఆయనకి దూరం నుంచే పెళ్ళి ఖాయమైంది. ఆమె ఓడలో వస్తుంటే పట్టుకుని ఎడ్వర్డ్ విండ్సర్‌లో ఉంచాడు. ఆమె ఎడ్వర్డ్‌కి మేనత్త కూతురే. నా అభిప్రాయంలో లెవెలిన్ ఇక్కడ లెక్క తప్పాడు. తనదే న్యాయమైనా, ప్రమాణం ఎగ్గొట్టడం వల్ల ఆస్తి జప్తు చేసే సాకు రాజు చేతికి వచ్చింది.

1277 యుద్ధం త్వరగా ముగిసింది. ఎడ్వర్డ్ నౌకల్లో మనుషుల్ని పంపి ఆంగిల్సీ పంట కోయించుకున్నాడు. కొండల్లో ఉన్న లెవెలిన్ సేనకి ఆ ధాన్యమే ఆధారం. సంధిలో తూర్పు పరగణాలు పోయాయి, ఐదుగురు చిన్న ప్రభువుల ప్రమాణాలు తప్ప మిగతావన్నీ పోయాయి, బిరుదు మాత్రం మిగిలింది. మరుసటి ఏడాది వూస్టర్ కెథెడ్రల్‌లో ఎడ్వర్డ్ తానే దగ్గరుండి పెళ్ళి జరిపించాడు. పెళ్ళి ప్రార్థనకి ముందు లెవెలిన్ చేత మరో పత్రం మీద ముద్ర వేయించుకున్నాడు.

ఇక ఆర్విస్ట్లి అనే చిన్న ప్రాంతం తగవు. లెవెలిన్ అది తనదన్నాడు, పొవిస్ గ్రిఫిద్ తనదన్నాడు. వేల్స్ భూమి గనక వెల్ష్ చట్టంతో తేల్చాలని లెవెలిన్ వాదన. వెల్ష్ ప్రభువు అయిన గ్రిఫిద్, తాను మార్చర్ ప్రభువుననీ ఇంగ్లీషు చట్టమే కావాలనీ అన్నాడు. వెల్ష్ చట్టంలో తనకి ఓటమి ఖాయమని అతనికి తెలుసు. లెవెలిన్ తన వాదనలో ఓ గొప్ప మాట చెప్పాడు: మీ ఏలుబడిలో గాస్కన్లకి (ఫ్రాన్స్ నైరుతి వాళ్ళకి) వాళ్ళ చట్టం ఉంది, స్కాట్‌లకి వాళ్ళది, ఐరిష్ వాళ్ళకి వాళ్ళది, దానివల్ల మీ కిరీటం పెరిగిందే గానీ తగ్గలేదు. మరి మాకెందుకు ఉండకూడదు? ఎడ్వర్డ్ కాదనలేదు, అవుననలేదు. వాయిదాలు వేశాడు, విచారణ సంఘం వేశాడు, ఏళ్ళు గడిపాడు.

విచిత్రంగా, తిరుగుబాటు మొదలుపెట్టింది లెవెలిన్ కాదు, ఎడ్వర్డ్ మనిషైన డావిద్. అతనికి దక్కిన భూముల మీదే ఒక ఇంగ్లీషు వ్యక్తి దావా వేసి చెస్టర్ కోర్టుకి ఈడ్చాడు. అన్న పడ్డ బాధేమిటో తమ్ముడికి అప్పుడు తెలిసింది. 1282 మార్చి 21 రాత్రి అతను హార్డెన్ కోట మీద దాడి చేశాడు. లెవెలిన్ తమ్ముడి వెంట నడిచాడు. ఆ జూన్‌లో ఎలెనార్ ఆడబిడ్డని కని చనిపోయింది.

నవంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పెకమ్ మధ్యవర్తిగా వచ్చి రహస్యంగా ఒక మాట పెట్టాడు. గ్వినెద్‌కి గుండెకాయ లాంటి కొండ ప్రాంతం స్నోడోనియాని వదులుకుంటే ఇంగ్లండ్‌లో ఏటా వెయ్యి పౌండ్ల ఆదాయం ఉన్న జాగీరు ఇస్తారు. లెవెలిన్ వద్దన్నాడు. ఆయన ప్రజల తరఫున వెళ్ళిన జవాబు మరీ గట్టిది: మా ప్రిన్స్ మమ్మల్ని రాజుకి ఇచ్చేసినా, మా భాషా ఆచారాలూ చట్టాలూ తెలియని పరాయివాడికి మేం ప్రమాణం చేయం.

డిసెంబరు 11న కిల్మెరి దగ్గర లెవెలిన్ చనిపోయాడు. తలని లండన్‌కి పంపారు. డావిద్‌ని మరుసటి జూన్‌లో పట్టుకున్నారు, పట్టుకున్నది వెల్ష్ వాళ్ళే. అక్టోబరులో ష్రూస్‌బరీలో ఉరేసి, శరీరాన్ని ముక్కలు చేశారు. ఆడబిడ్డ గ్వెన్‌లియన్‌ని ఊయలలో ఉండగానే లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠానికి పంపేశారు. ఆమె అక్కడే 1337లో చనిపోయింది. డావిద్ ఇద్దరు కొడుకులనీ బ్రిస్టల్ కోటలో బంధించారు. పెద్దవాడు 1287లో పోయాడు. చిన్నవాడు ఒవైన్‌ని రాత్రుళ్ళు ఇనుప పట్టీలు వేసిన చెక్క బోనులో ఉంచమని 1305లో ఎడ్వర్డ్ ఆజ్ఞ ఇచ్చాడు. పసితనం నుంచి చెరలో ఉన్న మనిషి మీద ఈ ఆజ్ఞ! ఆయన పుట్టుకే వాళ్ళకి భయం.

1284 రిద్లాన్ శాసనంతో గ్వినెద్ భూములు జిల్లాలయ్యాయి, నేరాలకి ఇంగ్లీషు చట్టం వచ్చింది. భూమిని కొడుకులందరికీ పంచే ఆచారాన్ని మాత్రం ఎడ్వర్డ్ ఉంచేశాడు, పెళ్ళి బయట పుట్టినవాళ్ళకి వాటా తీసేసి. ఎడ్వర్డ్ తన పసికందును వెల్ష్ వాళ్ళకి చూపించి, ఇంగ్లీషు రాని ప్రిన్స్ ఇడుగో అన్నాడన్న కథ పదహారో శతాబ్దం నుంచే వినిపిస్తుంది. కొడుక్కి ఆ బిరుదు ఇచ్చింది 1301లో.

అందరూ పోలేదు. పొవిస్ గ్రిఫిద్ వంశం ఇంగ్లీషు బారన్లుగా స్థిరపడింది. మహా లెవెలిన్ దగ్గర ముఖ్య అధికారిగా పనిచేసిన ఎడ్నివెడ్ వఖన్ వారసులు కొత్త ఏలుబడిలోనూ భూములు నిలబెట్టుకున్నారు. ఆ వంశంలోంచి వచ్చినవాడే 1485లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన ఏడో హెన్రీ ట్యూడర్. వెల్ష్ పంపకం ఆచారం అప్పటిదాకా చాలాచోట్ల బతికే ఉంది. దాన్ని 1536, 1543 మధ్య చేసిన చట్టాలతో పూర్తిగా రద్దు చేసి, వేల్స్‌ని ఇంగ్లండ్‌లో కలిపేసింది ఆ ట్యూడర్ కొడుకు ఎనిమిదో హెన్రీ.